పిలిచినను పలుకని డేటాబేసు

రేడియో గల ఇండ్లలో అందరికిని పరిచితమైన అనుభవము ఒకటి కలదు. ఉదయమున లేచి మీట త్రిప్పుదుము. పెట్టె పలుకదు. వెంటనే "ఈ పూట స్టేషను పనిచేయుట లేదు కాబోలు" అనుకొందుము. అదే సమయమున ప్రక్క ఇంట భక్తిగీతములు వినవచ్చినప్పుడు గాని, స్టేషను చక్కగానే ఉన్నదనియు, లోపము మన పెట్టెలోనే ఉన్నదనియు గ్రహింపము. దగ్గరకు పోయి చూడగా ఏరియల్ తీగ ఊడియుండును. లేదా ఇల్లు తుడుచువారి చేయి తగిలి బాండు మీట మీడియం వేవు నుండి షార్టు వేవునకు జరిగియుండును.

నేను నేడు చెప్పబోవు చరిత్ర కంప్యూటర్లకు సంబంధించినదే ఐనను, దాని సారాంశము ఈ రేడియో పెట్టె కథయే. కార్యాలయముల లెక్కలు, రైలు టిక్కెట్లు, బ్యాంకు ఖాతాలు మొదలైన సమాచారమంతయు డేటాబేసు అనబడు పొందికైన నిధిలో భద్రపరుపబడి ఉండును. ఆ నిధిని కాపాడుచు, అడిగినవారికి అడిగినది అందించు యంత్రమును సర్వరు అందురు. మన బల్లమీద ఉండి అడుగునట్టి యంత్రమును, అందలి సాఫ్టువేరును క్లయింటు అందురు. క్లయింటు పిలిచినప్పుడు సర్వరు పలుకనిచో తెరపై ఒక దోషసందేశము కనిపించును. అప్పుడు మనము నిందించునది సర్వరును, లేదా నడుమనున్న తీగను. పెన్షను వరుసలలోను, రేషను దుకాణములలోను "సర్వరు డౌను" అను మాట మన ఊళ్లలో సామెతవలె వ్యాపించినది. కాని పెక్కు సందర్భములలో సర్వరు నిర్దోషి. క్లయింటు సాఫ్టువేరును మన యంత్రములో సరిగా అమర్చకపోవుటయే అసలు కారణము. ఇట్లెందుకు జరుగునో తెలియవలెనన్న సుమారు 50 సంవత్సరముల చరిత్రను తిరుగవేయవలసి ఉన్నది.

అంతకు ముందు నా తప్పు ఒకటి చెప్పుకొందును. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంగీత విద్వాంసులు పరమపదించిన వార్త తెల్లవారుజామున మాకు అందినది. ఎనిమిది గంటలకు నివాళి కార్యక్రమము ప్రసారము చేయవలెను. వారి పాత రికార్డింగు ఏ సంఖ్యతో, ఏ అరలో ఉన్నదో చెప్పవలసిన పట్టిక డేటాబేసులో ఉన్నది. నా గదిలోని యంత్రము దానిని తెరువలేదు. పిలిచిన పేరుగల సర్వరు ఏదియో తనకు తెలియదని మాత్రము చెప్పి ఊరకున్నది. నెట్‌వర్కు చూచుకొను యువకుని పిలిపించి, రాత్రి తీగలను కదల్చినది నీవేనని నలుగురి ఎదుట మందలించితిని. అతడు వినయముగా, "సార్, సర్వరు బాగానే ఉందండి. పక్క గదిలో వస్తోంది. మీ యంత్రంలోనే ఏదో తేడా ఉందండి" అన్నాడు. నేను వినిపించుకొనలేదు. ఆ ఉదయము చివరకు ఏమి తేలినదో తరువాత చెప్పెదను. ఆ యువకుని మాటలో ఎంత చరిత్ర ఇమిడియున్నదో నాకు అప్పుడు తెలియదు.

కంప్యూటరు యుగపు తొలినాళ్లలో ఈ చిక్కు లేదు. 1960, 1970 దశకములలో సంస్థకు పెద్ద కంప్యూటరు ఒకటి ఉండెడిది. ఉద్యోగుల బల్లలపై ఉన్నవి టెర్మినళ్లు. అనగా సొంత బుద్ధి లేని తెర, అక్షరముల పలక మాత్రమే. లెక్క చేయునదియు, సమాచారమును దాచునదియు, జవాబు చెప్పునదియు ఆ పెద్ద యంత్రమొక్కటే. టెర్మినలులో అమర్చవలసిన సాఫ్టువేరు లేదు గనుక అమరికలో తప్పు జరుగుటకును తావు లేదు. సంబంధము తెగినదన్న తీగ తెగినదనియే అర్థము.

ఆ కాలముననే డేటాబేసుల స్వరూపమును మార్చివేసిన ఆలోచన ఒకటి పుట్టినది. ఐ.బి.ఎం. సంస్థ శాన్ హోసే పరిశోధనాలయములో పనిచేయుచున్న ఎడ్గర్ కాడ్ అను గణితజ్ఞుడు 1970 జూన్‌లో ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారమును సరళమైన పట్టికల రూపమున భావింపవలెననియు, అది యంత్రములో ఏ మూల ఏ విధముగా దాచబడియున్నదో అడుగువానికి తెలియనక్కర లేదనియు ఆయన సిద్ధాంతము. 1974లో అదే పరిశోధనాలయమునకు చెందిన డోనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బోయిస్ అనువారు ఆ పట్టికలను ప్రశ్నించుటకు సీక్వెల్ అను భాషను రూపొందించిరి. నేడు ప్రపంచమంతటను వాడుకలోనున్న ఎస్.క్యూ.ఎల్. భాష దానినుండి వచ్చినదే. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనువారు ఇంగ్రెస్ అను డేటాబేసును నిర్మించిరి. 1977లో లారీ ఎల్లిసన్, బాబ్ మైనర్, ఎడ్ ఓట్స్ అను మువ్వురు చిన్న సంస్థ నొకదానిని స్థాపించి, 1979లో ఒరాకిల్ డేటాబేసును విక్రయమునకు తెచ్చిరి. మొదటి ప్రతి ఎన్నడును అమ్మకమునకు రాకపోయినను, దానికి రెండవ ప్రతి అనియే పేరు పెట్టిరి.

కాడ్ సిద్ధాంతము ప్రశ్నకును, సమాచారపు దాపరికమునకును మధ్యనున్న ముడిని విప్పినది. ఐతే ప్రశ్న అడుగు యంత్రము, జవాబు చెప్పు యంత్రము వేరువేరైనప్పుడు అవి ఒకదాని నొకటి ఎట్లు పిలుచుకొనవలెను? ఆ ప్రశ్న అప్పటికి పుట్టలేదు. 1981లో ఐ.బి.ఎం. వ్యక్తిగత కంప్యూటరు రాగానే పుట్టినది. బల్లమీదనే బుద్ధిగల యంత్రము వచ్చిన పిమ్మట పనిని రెండుగా పంచుట సహజమైనది. తెరపై చూపుట, లెక్క అడుగుట బల్లమీది యంత్రము వంతు. పట్టికలను కాపాడుట సర్వరు వంతు. 1984లో ఆరంభమైన సైబేస్ సంస్థ ఈ పద్ధతినే పునాదిగా చేసికొన్నది. 1985లో వెలువడిన ఒరాకిల్ అయిదవ ప్రతి ఈ బాటనే పట్టినది. 1989లో మైక్రోసాఫ్ట్, సైబేస్, ఆష్టన్-టేట్ సంస్థలు కలిసి ఎస్.క్యూ.ఎల్. సర్వరును చిన్న యంత్రములకు తెచ్చినవి.

ఈ విభజనవలన కలిగిన లాభము గొప్పది. దానితోపాటు ఒక భారమును వచ్చినది. సర్వరు ఒక్కటి, దానిని నిపుణులు చల్లని గదిలో కంటికి రెప్పవలె చూచుకొందురు. క్లయింట్లు వందలు. ప్రతి బల్లమీదను, ప్రతి కౌంటరులోను, ఆయా సంస్థ ఇచ్చిన లైబ్రరీ ఫైళ్లను విడిగా అమర్చవలెను. సర్వరు చిరునామాలు వ్రాసిన ఫైలు నొకదానిని ప్రతి యంత్రములోను ఉంచవలెను. ఒరాకిల్ వారు ఈ ఫైలునకు టీ.ఎన్.ఎస్. నేమ్స్ అని పేరు పెట్టినారు. ఇది మన ఇండ్లలోని టెలిఫోను నంబర్ల పుస్తకము వంటిది. పుస్తకము కానరాకపోయినను, వేరొక పుస్తకము చేతికి వచ్చినను, క్లయింటునకు ఎవరిని పిలువవలెనో తెలియదు. అప్పుడు తెరపై ఓ.ఆర్.ఏ. 12154 అను సందేశము వచ్చును. ఈ సంఖ్యను చూచి తలపట్టుకొనని ఒరాకిల్ ఉద్యోగి ఉండడనిన అతిశయోక్తి కాదు. దాని అర్థము ఇంతమాత్రమే: ఇచ్చిన పేరును బట్టి చిరునామా తెలియలేదు. పిలుపు ఇంకను గడప దాటలేదు. సర్వరునకు ఈ సంగతియే తెలియదు.

తరువాతి కష్టము భాషల బాహుళ్యము. సంస్థకొక లైబ్రరీ, లైబ్రరీకొక పిలుపు పద్ధతి. ఒక డేటాబేసు కొరకు వ్రాసిన కార్యక్రమము మరియొక డేటాబేసుతో మాటాడలేదు. ఈ కష్టమును తీర్చుటకు 1989లో కొన్ని సంస్థలు ఎస్.క్యూ.ఎల్. యాక్సెస్ గ్రూపుగా ఏర్పడి ఉమ్మడి పద్ధతిని ఆలోచించినవి. ఆ కృషి నుండి 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఓ.డి.బి.సి. అను పద్ధతిని వెలువరించినది. ఇందులో నడుమ ఒక మేనేజరు ఉండును. కార్యక్రమము మేనేజరును అడుగును. మేనేజరు తగిన డ్రైవరును పిలుచును. డ్రైవరు సర్వరుతో మాటాడును. కాశీయాత్రికునికి ఊరూర దుబాసీని కుదిర్చిపెట్టు పెద్దమనిషి వంటివాడు ఈ మేనేజరు. దుబాసీ ఊరిలో లేనిచో, లేదా అతని పేరు చిట్టాలో తప్పుగా వ్రాయబడినచో, యాత్ర అక్కడనే ఆగును. ఐ.ఎం. 002 అను సందేశము చెప్పునది ఇదియే: అడిగిన చిరునామా చిట్టాలో లేదు, డ్రైవరును కుదురలేదు.

సంబంధమును సులభము చేయుటకు ఒక పొర చేర్చితిమి. ఆ పొరయే తప్పు దాగుటకు క్రొత్త చోటైనది. ఈ చరిత్రలో ఇదే తంతు మరల మరల జరుగుటను చూడగలము.

1990 దశకము మధ్యలో ఈ తంతు పరాకాష్ఠ నందినది. ఆనాటి యంత్రములలో జ్ఞాపకశక్తి, డిస్కు చోటు రెండును స్వల్పము. అందుచేత విండోస్‌లో పలు కార్యక్రమములు ఒకే లైబ్రరీ ఫైలును పంచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. ఈ ఫైళ్లకు డీ.ఎల్.ఎల్. అని పేరు. పొదుపైన ఏర్పాటే. కాని ఉమ్మడి వంటయింటిలో ఒకరు వచ్చి ఉప్పు డబ్బాలో పంచదార పోసినచో ఏమగును? క్రొత్తగా అమర్చిన కార్యక్రమ మొకటి తన వెంట తెచ్చుకొన్న పాత లైబ్రరీని, అంతకు ముందున్న క్రొత్తదానిపై వ్రాసివేసెడిది. డేటాబేసుతో ఎట్టి సంబంధమును లేని ఆటబొమ్మ కార్యక్రమము అమర్చినను, మరునాడు లెక్కల కార్యక్రమము డేటాబేసును చేరలేక పోవుట సంభవించెడిది. నిపుణులు విసిగి దీనికి "డీ.ఎల్.ఎల్. నరకము" అని పేరు పెట్టిరి. 2000లో వెలువడిన విండోస్ 2000 వ్యవస్థ తన ముఖ్యమైన ఫైళ్లను ఇతరులు మార్చకుండ కాపాడుకొనుట నేర్చినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఒకే లైబ్రరీ యొక్క వేరువేరు ప్రతులను ప్రక్కప్రక్కన ఉంచుకొనుటకు వీలు కల్పించినది. నరకము చాలవరకు చల్లారినది, పూర్తిగా ఆరలేదు.

ఈ కాలముననే మన దేశమున రైలు టిక్కెట్ల ఏర్పాటు మారినది. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైనది. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రములు ఒకదానితో నొకటి కలుపబడి, ఏ ఊరి కౌంటరులో నిలిచినను ఏ ఊరి రైలుకైనను టిక్కెట్టు పొందు అవకాశము కలిగినది. దూరపు యంత్రముతో సంబంధము అన్నది నిపుణుల గదిని దాటి సామాన్యుని బ్రతుకులోనికి వచ్చినది. అప్పటినుండి ఆ సంబంధము తెగుట కూడ సామాన్యుని కష్టమే ఐనది.

2005 ప్రాంతమున వ్యక్తిగత యంత్రములు 32 బిట్ల పద్ధతి నుండి 64 బిట్ల పద్ధతికి మారనారంభించినవి. అప్పుడు సంభవించిన ఒక వింతను చెప్పక తప్పదు. క్రొత్త విండోస్‌లో పాత 32 బిట్ల కార్యక్రమముల కొరకు ప్రోగ్రామ్ ఫైల్స్ ఎక్స్ 86 అను అరను ప్రత్యేకించిరి. దాని పేరులో ఎక్స్ 86 అను భాగము కుండలీకరణములలో, అనగా బ్రాకెట్లలో ఉన్నది. ఒరాకిల్ క్లయింటు సర్వరును పిలుచునప్పుడు చిరునామాను బ్రాకెట్లలోనే పంపును. పిలుచుచున్న కార్యక్రమము ఏ అరలో ఉన్నదో ఆ పేరును కూడ అందులో చేర్చును. అర పేరులోని బ్రాకెట్టు చిరునామాలోని బ్రాకెట్టుగా భ్రమింపబడి, వాక్యము నడుమ విరిగిపోయెడిది. తీగ బాగున్నది, సర్వరు బాగున్నది, సంకేతపదము సరియైనదే. ఐనను సంబంధము కుదరలేదు. ఒక బ్రాకెట్టు గుర్తు ఎందరి చేతనో రాత్రులు జాగరణ చేయించినది. కార్యక్రమమును బ్రాకెట్లు లేని వేరొక అరలోనికి మార్చినంతనే అది పనిచేసెడిది. తరువాతి సవరణలలో సంస్థవారు ఈ దోషమును సరిచేసిరి.

మరియొక చిక్కు ఇంతకంటె చిత్రమైనది. 64 బిట్ల విండోస్‌లో సిస్టమ్ 32 అను అరలో ఉన్నవి 64 బిట్ల ఫైళ్లు; సిస్ వావ్ 64 అను అరలో ఉన్నవి 32 బిట్ల ఫైళ్లు. పాత కార్యక్రమముల మూలములో సిస్టమ్ 32 అను పేరు స్థిరముగా వ్రాయబడి ఉన్నందున ఆ పేరును మార్చుటకు సాహసింపలేదు. ఓ.డి.బి.సి. చిట్టాను సరిదిద్దు సాధనములును రెండు. రెండింటికిని పేరు ఒక్కటే. యంత్రమంతటికి వర్తించు చిరునామాను ఒకదానిలో వ్రాసినచో రెండవదానిలో కానరాదు. 32 బిట్ల కార్యక్రమమునకు 32 బిట్ల డ్రైవరే కావలెను. విండోస్ 64 బిట్లది గనుక డ్రైవరును 64 బిట్లదే అమర్చితిమి అని వాదించువారు నేటికిని కలరు. డ్రైవరు జోడు కుదరవలసినది తనను పిలుచు కార్యక్రమముతో, యంత్రముతో కాదు.

క్లయింటు పాతదై, సర్వరు క్రొత్తదైనప్పుడు మరొక విధమైన తగవు పుట్టును. మై ఎస్.క్యూ.ఎల్. డేటాబేసు 2004లో తన 4.1 ప్రతిలో సంకేతపదమును పరీక్షించు పద్ధతిని మార్చినది. 2018లో 8.0 ప్రతి మరల మార్చినది. రెండు మార్పులును భద్రత కొరకే. కాని సర్వరును మార్చి, క్లయింట్లను పాతవాటినే ఉంచిన చోట్ల, సరియైన సంకేతపదము చెప్పినవారికిని ప్రవేశము లభింపలేదు. ఇంటి తాళము మార్చి, పాత తాళపుచెవిని బిడ్డల చేతిలోనే ఉంచినట్లైనది.

ఈ చరిత్ర అంతయు తెలిసిన పిమ్మట దోషమును వెదకు క్రమము దానంతట అదే తేటపడును. మొదట, ప్రక్క యంత్రము నుండి అదే డేటాబేసు తెరచుకొనుచున్నదా అని చూడవలెను. తెరచుకొన్నచో సర్వరును నిందించుట మానవలెను. రెండవది, దోషసందేశమును పూర్తిగా చదువవలెను. పేరు తెలియలేదన్న, పిలుపు మన యంత్రము దాటలేదు. గడువు మించినదన్న, నడుమ దారిలో అడ్డు ఉన్నది. నిరాకరించినదన్న, యంత్రము దొరకినది కాని ఆ ద్వారమున ఎవరును లేరు. సంకేతపదము చెల్లదన్న, దారి అంతయు బాగున్నదనియే అర్థము. ద్వారములకు సంఖ్యలు కలవు: మామూలుగా ఒరాకిల్‌కు 1521, ఎస్.క్యూ.ఎల్. సర్వరునకు 1433, మై ఎస్.క్యూ.ఎల్.‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. ఆ సంఖ్యగల ద్వారము తెరచియున్నదో లేదో క్షణములో పరీక్షింపవచ్చును.

ఇవి అన్నియు సరిగా ఉన్నచో మన యంత్రములోనికే చూడవలెను. నిన్న మొన్న క్రొత్తగా అమర్చినదేమి? ఒకే క్లయింటు రెండు ప్రతులు ఉన్నవా? ఉన్నచో కార్యక్రమము ముందుగా ఏ అరలో వెదకుచున్నది? డ్రైవరు 32 బిట్లదా, 64 బిట్లదా? సగములో ఆగిన అమరికపై మరల అమర్చుట గోడ తడి ఆరకముందే సున్నము వేయుట వంటిది. పాతదానిని పూర్తిగా తొలగించి, మిగిలిన అరలను, దారి జాబితాలోని పేర్లను తుడిచి, యంత్రమును మరల నడిపించి, అటుపిమ్మట క్రొత్తగా అమర్చవలెను.

నేడు సామాన్యుడు ఫోనులో టిక్కెట్టు కొనునప్పుడు డేటాబేసు క్లయింటును అమర్చవలసిన పని లేదు. 1997లో జావా భాషకు వచ్చిన జె.డి.బి.సి. పద్ధతి, ఆ పిమ్మట వ్యాపించిన వెబ్ సర్వర్లు ఆ భారమును మన బల్లనుండి తీసి నడుమనున్న యంత్రములపై పెట్టినవి. భారము తొలగలేదు, చోటు మారినది. అక్కడ కూడ ఎవరో ఒక యువకుడు ఏ డ్రైవరు ఏ ప్రతిదో చూచుచునే ఉండును.

ఇక మా స్టేషనులో ఆ ఉదయము సంగతి. ముందునాటి సాయంకాలము నా గదిలోని యంత్రములో జమాఖర్చుల నివేదిక కొరకు ఒక కార్యక్రమమును అమర్చిరి. అమర్చుమని చెప్పినది నేనే. అది తన వెంట రెండవ క్లయింటును తెచ్చుకొని, దారి జాబితాలో తన అరను మొదట నిలిపినది. ఆ అరలోని చిరునామాల పుస్తకము ఖాళీ. నా పట్టిక కార్యక్రమము ఆ ఖాళీ పుస్తకమును తెరచి, పేరు కానక, తెలియదని నిజమే చెప్పినది. ఆ యువకుడు జాబితాలో రెండు పేర్లను తారుమారు చేసెను. రెండు నిమిషముల పని. ఎనిమిదికి పది నిమిషములున్నదనగా రికార్డింగు సంఖ్య దొరకినది. విద్వాంసుల గొంతు సకాలమున ఇంటింట వినబడినది.

కార్యక్రమము ముగిసిన పిమ్మట అతని కడకు పోయి, ఉదయము విన్న నలుగురి ఎదుటనే, పొరపాటు నాదని చెప్పితిని. అతడు సిగ్గుపడి, "అయ్యో, మీరలా అనకండి సార్. మీ యంత్రం పంపిన పిలుపు సర్వరు దాకా వెళ్లనే లేదండి, అది మాత్రం ఏం పలుకుతుంది?" అన్నాడు.